పాలవూట మీద వాలని తూనీగ

ఏ రాజ్యానికైనా కష్టం వస్తే శత్రువు వల్లో, కరువు వల్లో వస్తుంది. నాగవల్లి రాజ్యానికి మాత్రం ఒక తూనీగ వల్ల వచ్చింది. అదీ, లేని తూనీగ వల్ల! నవ్వకండి పిల్లలూ, ముందు కథ వినండి. నవ్వాలో వద్దో తర్వాత మీకే తెలుస్తుంది.

నాగవల్లి రాజ్యం నిండా తమలపాకు తోటలే. తమలపాకు తీగ మహా సుకుమారి. ఒక్క పూట నీళ్ళు ఆలస్యమైతే చాలు, అలిగిన కొత్తకోడలిలా తల వాల్చేస్తుంది. ఆ తోటలన్నింటికీ తల్లి ఊటకొండ మీది పాలవూట. అందులో పుట్టిన నీరే కాలువలై, తూముల గుండా ఊరూరికీ పారేది.

ఆ కొండ కింద ఏటా ఎండాకాలంలో వేసవి బడి జరిగేది. రాజ్యం నలుమూలల నుంచి పిల్లలు చద్దిమూటలతో వచ్చి చలువపందిరి కింద చేరేవారు. గురువమ్మ పేరు వకుళాదేవి. పొద్దున పూట ఆవిడ మాటలు చెప్పేది. గాలి ఎందుకు వీస్తుంది, చెదపురుగులు ఇంత ఎండలోనూ పుట్టను చల్లగా ఎలా ఉంచుకుంటాయి, మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ళకిందే ఎందుకు దాక్కుంటుంది, ఇలాంటివన్నీ. ఎండ వాలాక పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరేది. ఒకనాడు సున్నపు బట్టీకి, ఒకనాడు కుండలు కాల్చే కుమ్మరి ఆవానికి, ఒకనాడు తేనె తీసేవాళ్ళ వెంట అడవికి. "చెవితో విన్నది సగం చదువేనర్రా. కాళ్ళతో నడిచివెళ్ళి కళ్ళతో చూస్తేనే మిగతా సగం" అనేది.

బడి ముగిసేనాడు ఒక ఆచారం ఉండేది. ఒక్కొక్క పిల్ల, ఒక్కొక్క పిల్లవాడు, ఒక్కొక్క చోట మధ్యాహ్నమంతా ఒంటరిగా కూర్చుని ఒక్క దాన్నే చూడాలి. సాయంత్రం పందిరి ముందున్న సాక్షిరాయి ఎక్కి, చూసింది చూశానని, చూడనిది చూడలేదని చెప్పాలి. అప్పుడు గురువమ్మ ఆ రాయి మీద అరచెయ్యి ఆనించి "సరి. ఈ మాటకు నాది పూచీ" అనేది. పాలవూటను చూసివచ్చిన వాళ్ళ మాట మరీ ముఖ్యం. నీరు బండ మీది తెల్లచారను తాకుతోందా, కిందికి దిగిందా అన్నదాన్ని బట్టే తూము కావలివాళ్ళు ఆ ఏడు ఎన్ని తూములు తెరవాలో తేల్చుకునేవారు. 'చూడలేదు' అని మాత్రం ఇంతవరకు ఏ బిడ్డా అనలేదు. అనడం నామోషీ కదా!

ఆ ఏడు పాలవూట వంతు చంపకకు వచ్చింది. బుట్టలు అల్లే సీతాలు కూతురు. చురుకైన పిల్ల, కాస్త మాటకారి. మధ్యాహ్నం ఊట దగ్గరకు వెళ్ళే దారిలో ఈతచెట్టు నిండా పళ్ళు మిగలముగ్గి కనిపించాయి. రెండు తిందామనుకుంది. ఈతపళ్ళ సంగతి మీకు తెలియనిదా? రెండుతో ఎవరు ఆగారు? కడుపు నిండా తిని, చెట్టునీడన కాసేపు నడుం వాల్చింది. లేచేసరికి పొద్దు కొండ చాటుకు వెళ్ళిపోయింది, కింద పందిరి దగ్గర పిలుపు గంట మోగుతోంది. ఊట దాకా వెళ్ళివచ్చే వేళ లేదు.

'ఏముంది, ఏటా నీళ్ళు తెల్లచార దగ్గరే ఉంటాయిగా' అనుకుంటూ రాయి ఎక్కింది. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి అంటారు. చంపక అంతకన్నా ఒక ఆకు ఎక్కువే చదివింది.

"గురువమ్మా! నీళ్ళు సరిగ్గా తెల్లచారను తాకుతున్నాయి. ఎంత కదలకుండా ఉన్నాయంటే, ఒక ఎర్ర తూనీగ వచ్చి నీటంచున గడ్డిపరక మీద వాలితే, కింద ఇంకో తూనీగ తలకిందులుగా వాలినట్టు కనిపించింది!"

పందిరంతా ఆహా అంది. గురువమ్మ కళ్ళు చెమర్చాయి. "ఇన్నేళ్ళలో ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరే అమ్మడూ!" అని రాయి మీద చెయ్యి ఆనించి పూచీ పడింది. మెప్పు తీయగా ఉంటుందంటారు. ఆ రాత్రి చంపకకు మాత్రం అది వెలక్కాయలా గొంతులో అడ్డం పడింది.

తెల్లారేసరికి తూములన్నీ తెరిచి ఉన్నాయి, కాలువలన్నీ ఎండి ఉన్నాయి. పాలవూటలో తడి మన్ను తప్ప చుక్క నీరు లేదు. పందిరి ముందు సాక్షిరాయి మీద చెయ్యి ఆనించినట్టే నిలబడి గురువమ్మ శిలైపోయి ఉంది.

రాజు ధర్మకేతుడు పరుగున వచ్చాడు. ముసలి సిద్ధాంతి కళ్ళు మూసుకుని చాలాసేపు లెక్కలు కట్టాడు. "మహారాజా, ఇది పాలవూట యక్షిణి కోపం. ఆమె ఊట విడిచి ఉత్తరాన చీకటికోనల అవతల నల్లమడుగుకు వెళ్ళిపోయింది. ఎవరైనా వెళ్ళి ఆమెనడిగి విరుగుడు తెలుసుకోవాలి. తొలకరి చినుకు ఈ శిలను నిలువునా తడిపేలోగా విడుదల కాకపోతే గురువమ్మ ఇక ఎప్పటికీ రాయే" అన్నాడు.

"యక్షిణికి కోపం ఎందుకొచ్చింది?"

"అది నా శాస్త్రానికి అందడం లేదు ప్రభూ. ఎవరో ఊటను మైల పరిచి ఉంటారు."

ఇంకేం, జనం కళ్ళు గేదెల కాపరి పోలయ్య మీద పడ్డాయి. "నా గేదెలు ఆ కొండే ఎక్కవయ్యా! ఎక్కమన్నా ఎక్కవు, బద్ధకపు ముండలు!" అని పాపం మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? భటులు అతని చేతులు కట్టి చెరసాలకు తీసుకుపోయారు. చంపక తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడింది. ఎవరు ఇటు చూసినా తననే చూస్తున్నారనిపించింది. నోరు విప్పబోయింది. 'ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరే' అన్న మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

"నల్లమడుగుకు ఎవరు వెళతారు?" అని రాజు అడిగాడు. చీకటికోనల్లో రాక్షసుడు ఉన్నాడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీసాలు మెలేసే వీరులందరూ ఒక్కసారిగా నేలచూపులు చూశారు.

"నేను వెళతాను" అంది చంపక.

జనం ముక్కున వేలేసుకున్నారు. ఆడవాళ్ళు హారతులు పట్టారు. సీతాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చద్దిమూట కట్టి ఇచ్చి, "నా తల్లి! గురువమ్మ మీద ఎంత భక్తో!" అంది. ఆ మాటకు చంపకకు ఏడుపు ఆగలేదు. భక్తి లేక కాదు, ఉంది. కానీ అందుకు బయలుదేరలేదు. ఆ శిల ముందు, ఈ జనం ముందు ఇంకొక్క క్షణం నిలబడలేక బయలుదేరింది. రాక్షసుడి ముందు నిలబడటం తేలికనిపించింది. మనుషులు ఇలాంటి లెక్కలు కూడా వేస్తారు పిల్లలూ.

అడవిలో నడిచీ నడిచీ ఒక ఇరుకు కనుమ దగ్గరకు వచ్చింది. దారికి అడ్డంగా గడ్డివామంత ఎలుగుబంటి కూర్చుని గోళ్ళు నాక్కుంటోంది.

"ఏయ్ పిల్లా! ఎటు పోతున్నావ్? నా కనుమ దాటాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. తప్పు చెప్పావో, నీ చద్దిమూటతో మొదలుపెడతాను. మూటతోనే ఆపుతానని చెప్పలేను."

"అడుగు, ఎలుగు మామా."

"ఈ గట్టు మీద చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి. పైకి పోతున్నాయా, కిందికా?"

చంపక మొహం వెలిగింది. గురువమ్మ చెప్పిన పాఠమే! వాన రాబోతుంటే చీమలు గుడ్లను మెరకకు చేరుస్తాయి. ఉత్తరాన మబ్బు కూడా కడుతోంది. "పై..." అనబోయింది. నాలుక చివర మాట ఆగిపోయింది. మొన్న కూడా ఇలాగే, 'ఏటా అక్కడే ఉంటాయిగా' అనుకుంది కదా!

"నేను చూడలేదు మామా. చూసి చెబుతాను" అంది. ఆ మాట అనడానికి ఎందుకో చెవులు ఎర్రబడ్డాయి. గట్టు మీదకు పాకి, బోర్లా పడుకుని చూసింది. చీమలు బారులు తీరి గుడ్లతో కిందికి దిగుతున్నాయి!

"కిందికి పోతున్నాయి. ఎందుకో మాత్రం నాకు తెలీదు."

ఎలుగుబంటి పొట్ట ఊగేలా నవ్వింది. "ఎందుకేమిటి, పైన వాటి పుట్టను రోజూ పొద్దున్నే నేను తవ్వేస్తానుగా! నీకన్నా ముందొచ్చిన పండితులందరూ చూడకుండానే 'పైకి' అన్నారు. ఒక్కడూ వంగలేదు. పో, పో. ఇదిగో, ఈ తేనెపట్టు ముక్క దారిలో తిను."

చంపక నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఇంత చిన్న పనా? వంగి చూడటం, లేదా చూడలేదనడం. ఇంతే చేసి ఉంటే గురువమ్మ ఈపాటికి పందిరి కింద మాటలు చెబుతూ ఉండేది. తేనెపట్టు నోట పెట్టాలనిపించక మూటలో దాచింది.

చీకటికోనల్లో పట్టపగలు కూడా సందెవెలుగే. అక్కడ ఒక బండ మీద ఘటోదరుడనే రాక్షసుడు కాళ్ళు చాపుకుని, పెద్ద కాగులో నీళ్ళు మరగబెడుతున్నాడు. చంపకను చూసి లొట్టలు వేశాడు.

"ఓహో, భోజనం నడిచే వచ్చింది! భయపడకు బుజ్జీ, నేను అందర్నీ తినను. అబద్ధాలాడేవాళ్ళను మాత్రమే తింటాను. ఆ మాంసం మహా మెత్తన. చెప్పు, ఎందుకొచ్చావు?"

"మా గురువమ్మను బతికించుకోవడానికి."

రాక్షసుడు ముక్కు ఎగబీల్చాడు. "ఊఁ. సగం నిజం. అయితే సగమే తింటాను. కుడివైపా, ఎడమవైపా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చంపక తడుముకుంటూ వెనక్కి జరిగింది. జరిగితే మాత్రం రాక్షసుడు ఊరుకుంటాడా? చెయ్యి చాపాడు.

"ఆగు, ఆగు! చెబుతాను!" అని అరిచింది. "ఊళ్ళో ఉండలేక వచ్చాను! గురువమ్మ రాయి కావడం నా వల్లే అయిందేమోనని... అయిందేమో కాదు, అయింది. పోలయ్యను కట్టేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. అందరూ నన్ను ధైర్యవంతురాలంటున్నారు. నేను పారిపోయి వచ్చాను. తింటే తిను!"

జన్మలో మొదటిసారి పైకి అన్న ఆ మాటలు కోనలో మారుమోగి మళ్ళీ ఆమె చెవులకే తగిలాయి. ఘటోదరుడు ఆమె చెయ్యిని వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఛీ ఛీ! నిజం చెప్పి మొత్తం చేదు చేసుకున్నావు! నోట పెట్టలేను. కాగు నీళ్ళు దండగ. అవతలికి పో, కనబడకు!"

చంపక కాళ్ళకు బుద్ధి చెప్పింది.

కోనల అవతల నల్లమడుగు ఒడ్డున యక్షిణి కూర్చుని ఉంది. జుట్టు తడిసి నేలమీద పారుతోంది. కోపంగా ఉంటుందనుకుంది చంపక. కానీ కోతల కాలం ముగిశాక కూలబడిన మనిషిలా అలసిపోయి ఉంది.

"ఆ సాయంత్రం నా నీరు ఎక్కడుందే పిల్లా?" అని అడిగింది యక్షిణి.

"చూడలేదు తల్లీ" అని చంపక ఆమె పాదాల మీద పడింది.

"చూసి ఉంటే తెలిసేది. చారకు జానెడు కిందికి దిగాను. ఏటేటా తోటలు పెంచుకుంటూ పోతున్నారు. నాకు ఓపిక తగ్గింది. అక్కడ నాకు నోరు లేదు, ఎలా చెప్పను? దిగి చూపించాను. ఈ ఏడు కొన్ని తూములు మూయండని దాని అర్థం. చూడటానికి వచ్చినదానివి నువ్వు. నువ్వేమో ఈతచెట్టు కింద గుర్రు పెట్టావు. చూడలేదని చెప్పినా బాగుండేది, మర్నాడు ఇంకొకరు వచ్చి చూసేవారు. అన్ని తూములూ తెరిచి నన్ను ఊడ్చేశారు. ఇక అక్కడెలా ఉండను?"

"మరి గురువమ్మ ఏం పాపం చేసింది?"

"నీ మాటను నమ్మి మోసింది. అబద్ధం బరువు చెప్పినవాళ్ళ మీద పడదు, మోసినవాళ్ళ మీదే పడుతుంది. లోకం తీరు అంతే."

చంపక వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆమెను వదిలెయ్ తల్లీ. బదులుగా నన్ను రాయిని చెయ్."

"అది నీకు సుఖమే! రాయికి సిగ్గెక్కడిది?" అంది యక్షిణి. "ముడి వేసిన చోటే విప్పాలి. ఎక్కడ ఎక్కి చెప్పావో అక్కడే ఎక్కి, విన్నవాళ్ళందరి ముందూ విప్పు. అన్నదంతా విప్పు. ఇక్కడి నుంచి నువ్వు తీసుకుపోవలసింది ఏమీ లేదు."

దేని కోసం కోనలు దాటి, రాక్షసుణ్ణి తప్పించుకుని వచ్చిందో, దాని కోసం ఇంత దూరం రానక్కరలేదట! చంపక కళ్ళు తుడుచుకుంది. మడుగు మీద చల్లగాలి విసిరింది. తొలకరి మబ్బులు నాగవల్లి వైపు కదులుతున్నాయి. ఆమె మబ్బులతో పందెం వేసి పరుగెత్తింది.

ఊటకొండ కిందికి చేరేసరికి సాయంత్రమైంది. ఆకాశం నల్లగా కమ్ముకుంది. తోటల్లో తీగలు పసుపురంగుకు తిరిగి వేలాడుతున్నాయి. చంపకను చూడగానే డప్పులు మోగాయి. జనం పూలు చల్లారు. రాజు స్వయంగా ఎదురొచ్చి "ఏం తెచ్చావమ్మా? మణా? మూలికా?" అని అడిగాడు.

"ఏమీ తేలేదు ప్రభూ. పోలయ్య చేతులు విప్పించి ఇక్కడికి పిలిపించండి. అందరూ వినాలి" అంది చంపక. గురువమ్మ శిల పక్కనే సాక్షిరాయి ఎక్కింది. రాక్షసుడి ముందు నిలబడటమే నిజంగా తేలికనిపించింది.

"ఆనాడు నేను పాలవూట దగ్గరకు వెళ్ళలేదు. ఈతపళ్ళు తిని నిద్రపోయాను. నీళ్ళు తెల్లచారను తాకడం నేను చూడలేదు. చూశానని చెప్పాను."

డప్పులు ఆగిపోయాయి. "ఒసేయ్, నోరు ముయ్యవే! ఏం మాటలే అవి!" అని సీతాలు గుండెలు బాదుకుంది. ఎవరో ఛీ అన్నారు. చంపక చెవులు మూసుకోలేదు. "పోలయ్య బాబాయ్, నీ తప్పేమీ లేదు. నీ మీద పడుతున్నప్పుడు నేను నోరు మూసుకున్నాను. క్షమించు" అంది.

శిల పాదాల దగ్గర చీర కుచ్చిళ్ళు గాలికి కదిలాయి! కాలివేళ్ళు కదిలాయి! జనం హోరుమన్నారు. కానీ అంతే. నడుము పైన రాయి రాయిగానే ఉంది. టప్పుమని తొలి చినుకు శిల నుదుటి మీద పడింది. ఇంకొకటి భుజం మీద.

"అంతా చెప్పేశాను కదా! ఇంకేముంది?" అని చంపక అల్లాడిపోయింది. 'అన్నదంతా విప్పు' అంది యక్షిణి. అన్నదంతా... అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకేం, అది ఇన్నాళ్ళూ మనసు మూలన భద్రంగానే ఉంది. గురువమ్మ కళ్ళు చెమర్చింది నీటిమట్టానికి కాదు. ఆ మెప్పు వచ్చింది ఇంకో మాటకు. తప్పంతా ఒప్పుకున్నా, అది ఒక్కటి మాత్రం తనదిగా ఉండిపోతే బాగుండునని ఆశ.

చినుకులు జోరందుకున్నాయి.

"తూనీగ లేదు!" అని చంపక గొంతు చించుకుని అరిచింది. "ఎర్ర తూనీగా లేదు, దాని నీడా లేదు! అది కూడా నేనే కల్పించాను! గురువమ్మా, నేను శ్రద్ధగా చూసినదాన్ని కాను!"

రాతిరంగు మంచులా కరిగి జారిపోయింది. వకుళాదేవి దీర్ఘంగా ఊపిరి పీల్చింది. చీర చెంగుతో మొహం మీది వాన తుడుచుకుని చంపక వైపు చూసింది.

"రాయిగా ఉన్నన్నాళ్ళూ ఆ తూనీగనే తలుచుకుంటూ ఉన్నానే" అంది మెల్లగా. "అదే నన్ను ఎక్కువ నొప్పించింది."

తిట్టినా బాగుండేదనిపించింది చంపకకు. తల వంచుకుని నిలబడింది.

కొండ మీద పాలవూటలో నీరు మళ్ళీ ఊరింది. రాజు ఆ ఏడు కొన్ని తూములు మూయించాడు. పోలయ్యకు క్షమాపణ చెప్పి పంపాడు. వానలు తెరిపిచ్చాక గురువమ్మ బడిపిల్లలందర్నీ పిలిచి "ముగింపు పాఠం మిగిలిపోయింది. పాలవూటకు ఎవరు వెళతారు?" అని అడిగింది. ఆవిడే అంది, "చంపక వెళుతుంది."

ఆ మధ్యాహ్నమంతా చంపక ఊట పక్కన బండ మీద కూర్చుంది. దారిలో ఈతచెట్టు వైపు తల కూడా తిప్పలేదు. నీటి వంకే చూసింది. పొద్దు వాలే వేళకు, నమ్ముతారో లేదో, ఒక ఎర్ర తూనీగ ఎక్కడి నుంచో వచ్చి నీటంచున గడ్డిపరక మీద వాలింది. కింద ఇంకో తూనీగ తలకిందులుగా వాలింది. చంపకకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సాయంత్రం రాజు కూడా వచ్చి పందిరి కింద కూర్చున్నాడు. చంపక రాయి ఎక్కి, "నీళ్ళు చారకు జానెడు కింద ఉన్నాయి" అంది. ఆగింది. మింగేద్దామా అనుకుంది. కానీ చూసింది చూశానని చెప్పాలి కదా. "ఒక... ఎర్ర తూనీగ వచ్చి వాలింది."

పందిరంతా గొల్లున నవ్వింది. "మళ్ళీ మొదలెట్టిందిరోయ్!" అని ఎవరో అరిచారు. చంపక మొహం కందిపోయింది. "నిజంగా చూశాను గురువమ్మా" అంది, తనకే వినబడనంత మెల్లగా.

వకుళాదేవి లేచింది. సాక్షిరాయి దగ్గరకు నడిచింది. నవ్వులు టక్కున ఆగాయి. "వద్దమ్మా!" అని రాజు ముందుకు వచ్చాడు. ఆవిడ వినిపించుకోలేదు. చంపక కళ్ళలోకి ఒక్కసారి చూసి, రాయి మీద అరచెయ్యి ఆనించింది.

"సరి" అంది. "ఈ మాటకు నాది పూచీ."

ఊపిరి బిగబట్టి అందరూ ఆ చేతినే చూశారు. వేళ్ళు వెచ్చగా, మెత్తగా అలాగే ఉన్నాయి. వాటితో ఆవిడ చంపక చెంపలు తుడిచింది.

తర్వాత కొన్నేళ్ళకు ఆ పందిరి కింద చంపకే గురువమ్మ అయింది. ఆమె కాలం నుంచి వేసవి బడికి వచ్చిన ప్రతి బిడ్డ మొదటిరోజునే సాక్షిరాయి ఎక్కి "నేను చూడలేదు" అని గట్టిగా ఒకసారి అనాలి. నోటికి అలవాటు కావాలి కదా, అందుకని. ఆకుతోటలు పచ్చగా ఉన్నాయి, ఊట నిండుగా ఉంది, పోలయ్య గేదెలు మాత్రం ఈనాటికీ ఆ కొండ ఎక్కలేదు.